అంచు దగ్గర ఆగే మనిషి

మీలో చాలామంది వీడియో ఆటలంటే ప్రాణం పెట్టి ఈ పనిలోకి వచ్చి ఉంటారు. నేనలా రాలేదు. బొమ్మలు వేయడం వచ్చు, కంప్యూటర్ మీద గీయడం నేర్చుకున్నాను, బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో ఒక కంపెనీ ఉద్యోగం ఇచ్చింది, చేరిపోయాను. మొదటి ఏళ్లన్నీ విదేశీ వీడియో గేములకు తలుపులు, గొట్టాలు, ఇనప పెట్టెలు చేసి పంపాను. ఆ తలుపుకు తుప్పు ఎక్కడ పట్టాలో నేను రోజులు రోజులు ఆలోచిస్తే, ఆడేవాడు ఒక్క తన్ను తన్ని లోపలికి పోయేవాడు. పేరు మాత్రం ఎవరో దొరలది. సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టు ఉండేది మా బతుకు.

ఇప్పుడు రిటైరై కాడుగోడిలో ఉంటున్నాను. భయపెట్టే ఆటలు ఎలా చేయాలో చెప్పమని అప్పుడప్పుడు కాలేజీల వాళ్లు పిలుస్తారు. వెళ్లి వెలుగు గురించి, చప్పుడు గురించి, మూసిన తలుపు గురించి చెప్పి, వాళ్లు కప్పిన శాలువా తీసుకుని వస్తాను. మేం కట్టి, మేమే తీసేసిన ఒక గది గురించి మాత్రం అక్కడ చెప్పబుద్ధి కాదు. రాయడమైతే కాస్త నయం.

మా యజమాని తాతల కాలం నుంచీ బెంగళూరులో స్థిరపడ్డ తెలుగువాడు. ఆయనకు ఒకరోజు రోషం వచ్చింది. "ఎన్ని దినాలమ్మా ఇట్లా పరాయివాళ్ల ఇంటికి వాకిళ్లు చేసేది? మన ఇల్లు మనం కట్టుకునేది వద్దా?" అన్నాడు. అలా మా సొంత ఆట మొదలైంది. ఎక్కడో దూరపు గ్రహం చుట్టూ తిరిగే చందమామ, దాని మంచు పొరల కింద ఒక గని. మంచులోంచి ఒక మృగం బయటపడి పనివాళ్లను చంపుతూ ఉంటుంది. ఆడేవాడు ఒక మెకానిక్కు. దాక్కుంటూ, పాక్కుంటూ, ఉన్న కాస్త గాలితో పైకి తీసుకుపోయే లిఫ్టు దాకా చేరాలి. ఇలాంటి ఆటల్లో ఆయుధాలు తక్కువ, భయం ఎక్కువ ఉండాలి. డబ్బు పెట్టడానికి ఒక విదేశీ పబ్లిషర్ ఒప్పుకున్నాడు. ఆటను రూపొందించే పనికి నన్ను పెద్దగా పెట్టారు.

యజమాని మనసంతా ఆ మృగం మీదే. రోజూ వచ్చి చూసి, "చొంగ చాల్లేదు, ఇంకా కారల్ల" అనేవాడు. ఆ చొంగ మీద మావాళ్లు నెలలు గడిపారు. తీరా ఆడించి చూస్తే, మొదటిసారి కేక పెట్టినవాళ్లే మూడోసారికి నవ్వుతూ దానికి ముద్దుపేరు పెట్టారు. ఈ పనిలో నేను నేర్చుకున్నదేమైనా ఉంటే అది ఇదే. మృగాన్ని ఎవరూ నమ్మరు. గొట్టం మీద ఆరేసిన తువ్వాలును నమ్ముతారు, సగం తిన్న టిఫిను డబ్బాను నమ్ముతారు. అవి నమ్మినవాడు వాటి వెనక నీడను కూడా నమ్ముతాడు.

తువ్వాళ్లు, టిఫిను డబ్బాలు పెట్టింది నేను కాదు. ఆటలో గదులన్నీ కట్టే నా సహోద్యోగి. ముప్పై దాటినవాడు, మాటలు తక్కువ. వాళ్ల నాన్న కదిరి వైపు నుంచి కూలి పనికి బెంగళూరు వచ్చాడు. కాడుగోడి రైల్వే స్టేషన్ అవతల రేకుల షెడ్డులో పెరిగి, చదువుకుని, మా దగ్గరికి వచ్చాడు. అతని గదుల్లో మనుషులు ఇప్పుడే లేచి పోయినట్టు ఉండేది. మంచు కింద గనిలో బొద్దింకలు ఎందుకయ్యా అని అడిగితే, "మనిషి యాడికి పోయినా అవి ఎనకాలే వస్తాయి మేడమ్" అన్నాడు. నిజమే కదా అనిపించింది.

ఒకరోజు చెడ్డ గాలి గురించి మీటింగు పెట్టాం. గనిలో కొన్నిచోట్ల విషవాయువు ఉంటుంది. మామూలుగా ఇలాంటి ఆటల్లో తెర మూల ఊపిరి ఎంత మిగిలిందో చూపే నీలం గీత ఒకటి తరుగుతూ ఎర్రబడుతుంది, పాత్ర దగ్గుతుంది, గొంతు పట్టుకుని గిలగిల్లాడుతుంది. మా వాళ్లలో ఒకరు ఆ గిలగిలను బ్రహ్మాండంగా చేసి చూపించారు. అందరూ చప్పట్లు కొట్టారు.

"అట్లా ఎవురూ సావరు," అన్నాడతను.

"మరెట్లా సస్తారప్పా?" యజమాని నవ్వుతూనే అడిగాడు.

"కూర్చుంటారు, అంతే. నిచ్చెన దిగుతారు, నాలుగడుగులు ఏస్తారు, కూర్చుంటారు. దగ్గేది, గొంతు పట్టుకునేది ఏమీ ఉండదు. వాసన మొదట ఒక తూరి వస్తాది. మళ్ళ ముక్కే పని చేసేది నిలిపేస్తాది. మా నాయన అట్లనే పోయినాడు."

ఆ మీటింగు అక్కడితో ముగిసింది.

తర్వాత టీ కొట్టు దగ్గర నాకు మొత్తం చెప్పాడు. అపార్ట్‌మెంట్ల కింద మురుగునీరు చేరే తొట్టి ఉంటుంది. దాన్ని కడగడానికి దిగిన కూలీ ఒకడు లోపలే కూలబడిపోయాడు. పైన నిలబడి ఉన్న వాళ్ల నాన్న అతన్ని లాగుదామని దిగాడు. ఇద్దరినీ తర్వాత తాళ్లతో పైకి తీశారు. మొదట దిగినవాడు ఆ ఉదయమే కొత్తగా పనికి వచ్చిన మనిషి. పేరు కూడా వాళ్ల నాన్నకు తెలిసి ఉండదు.

"ఒగుడు పడిపోయింది కంటితో చూసినాడు మేడమ్. చూసి, మళ్ళ తానూ దిగినాడు. ఎవురో ఊరూ పేరూ తెలీనోని కోసరం. ఇంట్లో మాయమ్మ, నేను, నా చెల్లెలు. మేము యాడ పోవల్ల? మాయమ్మ ఈ పొద్దుకీ ఆయప్ప ఫోటోకి దండం పెట్టదు."

"నువ్వు?"

"నేనూ పెట్టను." టీ గ్లాసు పక్కన పెట్టాడు. "నేనొక గది కడతా మేడమ్. బుద్ధి ఉండే మనిషి అంచు దగ్గర నిలబడిపోయే గది. ఎంతమంది నిలబడతారో నేను చూడల్ల."

సరేనన్నాను. ధైర్యం చేస్తే చచ్చిపోయే గది, ఆగితే బతికే గది. భయపెట్టే ఆటకు ఇంతకంటే మంచి ఆలోచన ఏముంటుంది అనుకున్నాను. నేను ఆట కట్టిస్తున్నాననుకున్నాను. అతను వాళ్ల నాన్న మీద కేసు నడుపుతున్నాడు.

గది సిద్ధమైంది. నేలలో ఒక గుండ్రటి మూత తెరిచి ఉంటుంది. లోపలికి ఇనప నిచ్చెన. కింద పాదాలు మునిగేటన్ని నీళ్లలో ఒక పనివాడు బోర్లా పడి ఉంటాడు. ముఖం కనిపించదు, ఎవరో తెలియదు. అతని చెయ్యి ఒకటి కొద్దిగా కదులుతుంటుంది. అంచు చుట్టూ చచ్చిన బొద్దింకలు. పక్కనే దిగినవాడి బూట్లు జతగా విడిచి ఉంటాయి. మూత వేసేసి ముందుకు నడిస్తే దారి ఉంది, ఏ ప్రమాదమూ లేదు. దిగితే మాత్రం నీలం గీతా లేదు, దగ్గూ లేదు. రెండు మూడు అడుగులు వేశాక చూపు మెల్లగా కిందికి దిగుతుంది, మనిషి కూర్చున్నప్పుడు దిగినట్టు. తర్వాత చీకటి.

శనివారాలు బయటివాళ్లను పిలిచి ఆడించేవాళ్లం. బిర్యానీ పెడతామంటే ఎక్కడో దూరాన ఉన్న ఎలక్ట్రానిక్ సిటీ నుంచి కూడా వచ్చేవారు. వాళ్లు ఒక గదిలో ఆడుతుంటే మేం అద్దం వెనక కూర్చుని చూసేవాళ్లం. మేం వాళ్లకు కనిపించం. ఒకే ఒక్క నియమం, నోరు తెరవకూడదు. రేపు ఆట కొనుక్కున్నవాడి ఇంటికి పోయి పక్కన కూర్చుని వివరించలేం కదా.

మొదటి శనివారం వచ్చినవాళ్లంతా దిగారు. ఒక్కరూ ఆగలేదు.

కారణం దొరికింది. తప్పు మాదే. ఆట మొదట్లోనే పడిపోయిన తోటి పనివాడిని లేపితే గాలి సీసా దొరుకుతుందని నేర్పాం. పడినవాడిని లేపడం మంచిదని మేమే చెప్పి, ఇక్కడ లేపితే చంపుతున్నాం. గది కట్టినవాడు సంబరపడ్డాడు. "మనం నేర్పించినామని దిగినారు మేడమ్, లేకుంటే దిగరు" అని ఆ ముందు భాగం మొత్తం తీసేయించాడు. మరుసటి శనివారం కొత్తవాళ్లు వచ్చారు. వాళ్లూ దిగారు.

దిగరాదు అని ఎర్రటి బోర్డు పెట్టాం. ఇంకా తొందరగా దిగారు. బోర్డు ఉందంటే లోపల ఏదో విలువైనది ఉంటుందని ఆటలు ఆడేవాళ్ల లెక్క. సరే, మొదటివాడి పక్కన ఒక శవాన్ని పెట్టాం. ఒకణ్ణి లాగబోయి ఒకడు పోయాడని కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది, ఇక ఆగుతారు అనుకున్నాం. "అయ్యో, ఇద్దరున్నారే!" అంటూ దిగిందొక అమ్మాయి. అతను రోజురోజుకూ ముభావంగా తయారయ్యాడు. నాకు భయం వేసింది, ఆట గురించి కాదు.

చివరికి ఒకడు ఆగాడు. అంచు పక్కనుంచి నడిచి, చక్కగా ముందు తలుపు తీసుకుని వెళ్లిపోయాడు. అద్దం వెనక మా వాడు కుర్చీలోంచి లేచిన తీరు మీరు చూడాలి. ఆట అయ్యేదాకా ఆగి, పరుగున పోయి ఆ మనిషి చేతులు పట్టుకున్నాడు.

"సార్, మీరు దిగల్యా. యాల దిగల్యా? ఏమనుకొని నిలబడితిరి?"

"ఎక్కడికి దిగాలి?"

"ఆ మూత కింద. మనిషి పడి ఉండాడు కదా."

"మనిషా? నేను చూడనేలేదు బ్రో."

తిరిగి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. కిందికి చూసినవాడు ఆగలేదు, ఆగినవాడు చూడలేదు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

నేను ఒక దారి చెప్పాను. అంచు దగ్గర గాలి ఊదే యంత్రం, ఒక తాడు పెడదాం, ఓపికగా వెతికినవాడు వాటితో దిగి మనిషిని కాపాడతాడు, గది న్యాయంగా ఉంటుంది అన్నాను. అతను నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. "అవి పెట్టి ఉంటే మా నాయన బతికే ఉండేటోడు మేడమ్. ఆడ అవి ల్యా. ఈడ ఎట్లా పెడతాను?" అన్నాడు. నేను మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

తర్వాతి శనివారం పబ్లిషర్ తరఫు మనిషి విదేశం నుంచి వీడియోలో చూస్తున్నాడు. ఆ రోజు ఆడడానికి వచ్చింది ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం చేసే ఒక ఆవిడ. నిదానస్తురాలు. ప్రతి మూలా చూస్తుంది, ప్రతి చప్పుడుకూ ఆగుతుంది. అంచు దగ్గరికి వచ్చి బొద్దింకలను చూసింది. బూట్లు చూసింది. కింద ఇద్దరిని చూసింది. "గాలి బాగాలేదిక్కడ," అని తనలో తాను పైకే అంది.

మా వాడు నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఇంతమందిలో అర్థమైంది ఈవిడకే. ఆవిడ అలాగే నిలబడింది. ఒక అడుగు వెనక్కి కూడా వేసింది. అతని వేళ్లు నా చేతిలో దిగబడుతున్నాయి. అంతలో కింద ఆ చెయ్యి కొద్దిగా కదిలింది. ఆవిడ నిచ్చెన మీద కాలు పెట్టింది.

"దిగొద్దు!" అతను రెండు చేతులతో అద్దాన్ని బాదాడు. "దిగొద్దు తల్లీ! దిగొద్దు!"

ఆవిడ ఉలిక్కిపడి చేతిలోని ఆట కంట్రోలర్ వదిలేసింది. నేను క్షమాపణ చెప్పుకోవడానికి లోపలికి పరుగెత్తాను. నా వెనకే అతనూ వచ్చాడు.

"నీకు తెలిసింది కదమ్మా, గాలి బాగల్యా అని. నీ నోటితో నువ్వే అంటివి. మళ్ళ యాల దిగుతావు?"

ఆవిడ అతన్ని, నన్ను మార్చి మార్చి చూసింది. "తెలుసు సార్, ఏదో గ్యాస్ ఉంది. బట్ ఆ చెయ్యి మూవ్ అవుతోంది కదా. చూసి ఎట్లా వదిలేసి పోతాం?"

అని, తెర వైపు తిరిగి, దిగింది.

నాకు ఒళ్లు మండిపోయింది. పబ్లిషర్ చూస్తుండగా ఇంత రభస. అతన్ని వరండాలోకి లాక్కెళ్లి నోటికొచ్చినట్టు తిట్టాను. "ఆ చెయ్యి కదలకుండా చేసి ఉంటే సగం మంది దిగేవాళ్లు కాదు, అది కదిలించిందీ నువ్వే, దిగొద్దని అరిచిందీ నువ్వే! నీకేం కావాలయ్యా?" అన్నాను.

"ఆ పొద్దు పైన నిలబడుకొని ఉండిన వాళ్లు చెప్పినారు మేడమ్, వాని చెయ్యి కదిలినాది అని. మా నాయన చూసింది ఆ చెయ్యినే. దాన్ని తీసేసి గది కడితే అబద్ధం కాదా?"

నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఇద్దరం అక్కడే గోడకు ఆనుకుని నిలబడ్డాం.

సోమవారం పబ్లిషర్ కబురు వచ్చింది. రెండు అభ్యంతరాలు. ఈ గది అన్యాయంగా ఉంది, ఆడేవాళ్లు విసుగెత్తి వదిలేస్తారు అని ఒకటి. దగ్గకుండా, కొట్టుకోకుండా మనిషి అలా కూర్చుని చనిపోవడం నమ్మేట్టు లేదు అని రెండోది. రెండోది చదివి నేను గట్టిగా నవ్వాను. అది మంచి నవ్వు కాదు. నమ్మకం మీద నిలబడే పనిలో ఇన్నేళ్లు ఉన్నాను, నిజం ఒక్కటి పెడితే నమ్మలేదు.

యజమాని అతన్ని తన గదిలోకి పిలిచాడు, నన్నూ ఉండమన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు.

"నీ బాధ నాకు తెలీదా అప్పా? నా బిడ్డట్లాంటోడివి నువ్వు. కానీ చూడు, ఆట ఆడేవాడు సావు తప్పించుకునేకి వస్తాడు. నీ గదిలో తప్పించుకునే దారి మంచోడికి ల్యా. మంచోళ్లనందరినీ చంపుతా ఉండాది అది. బేడప్పా, వద్దు. తీసేయి."

అతను తల ఊపాడు. నేను వాదించలేదు. ఆ మాట తప్పని ఇప్పటికీ అనలేను. మీరు ఏ గది కట్టినా, దానిలోంచి బయటపడడానికి మనిషి తెలివి వాడాలి, ఓపిక వాడాలి, ధైర్యం వాడాలి. మా గదిలోంచి బయటపడాలంటే మనసు రాయి చేసుకోవాలి. ఆటగా అది తప్పే. దాని బదులు నీలం గీత, గిలగిల పెట్టాలని తేలింది. ఆట అలాగే బయటికి వచ్చింది, మోస్తరుగా అమ్ముడుపోయింది. ఊపిరాడక కొట్టుకునే దృశ్యాలు ఎంతో సహజంగా ఉన్నాయని ఒకాయన మెచ్చుకుంటూ రాశాడు.

గదిని తీసేయాల్సిన రోజు నేను మరిచిపోలేను. మధ్యాహ్నం, ఎవరిదో పుట్టినరోజని అందరూ బయటికి భోజనానికి వెళ్లారు. నేను అద్దం వెనక బల్ల దగ్గర పెరుగన్నం తింటున్నాను. అతను బయటివాళ్లు ఆడే గదిలోకి వెళ్లి కుర్చీలో కూర్చోవడం అద్దంలోంచి కనిపించింది. డబ్బా మూత పెట్టేసి వెళ్లి వెనక నిలబడ్డాను.

మీకు ఒక సంగతి చెప్పాలి. గదులు కట్టేవాళ్లు తమ గదులను ప్రతిసారీ ఆడి చూసుకోరు. మాకు వేరే పద్ధతి ఉంటుంది. గాల్లో తేలుతూ గోడల్లోంచి దూరి, అన్నీ సరిగా ఉన్నాయా అని చూసుకుని వస్తాం. మాకు దెబ్బ తగలదు, చావు రాదు. అన్ని నెలలూ అతను ఆ గదిలోకి అలాగే వెళ్లాడు. మామూలు మనిషిలా కాళ్లతో నడిచి ఒక్కసారీ పోలేదు. ఆ రోజు మొదటిసారి నడుచుకుంటూ పోయాడు.

అంచు దగ్గర ఆగాడు. బొద్దింకలు అతను చల్లినవే. బూట్లు అతను విడిపించినవే. గాలిలో విషం ఎంత ఉందో, ఎన్నో అడుగు దగ్గర చూపు దిగుతుందో అతనికి తెలిసినట్టు ఎవరికీ తెలియదు. కింద చెయ్యి కదిలింది. అతను కంట్రోలర్ తీసి బల్ల మీద పెట్టేశాడు.

నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఒకడు ఆగాడు, చూసి ఆగాడు, పోనీలే, ఇతనికి కావాల్సింది దొరికింది అనుకున్నాను. భుజం మీద చెయ్యి వేద్దామని ముందుకు వచ్చాను.

చెయ్యి మళ్లీ కదిలింది. అతను కంట్రోలర్ తీసుకుని నిచ్చెన దిగాడు. నీళ్లలో అడుగులు వేశాడు. చూపు మెల్లగా కిందికి దిగింది. తెర నల్లబడింది. మళ్లీ ఆడతావా అని తెర అడుగుతుంటే అలాగే చూస్తూ కూర్చున్నాడు.

"అంతా నేనే పెట్టినా మేడమ్. అది మనిషి కాదని తెలుసు, వట్టి బొమ్మ. అయినా దిగినా." కంట్రోలర్ పక్కన పెట్టాడు. "దిగేటప్పుడు మాయమ్మ గుర్తుకు రాల్యా. ఎవురూ రాల్యా. వాని చెయ్యి తప్ప ఏమీ కనపడల్యా."

అప్పుడు ఏడ్చాడు. పెద్దగా, ఊపిరి ఎగబీలుస్తూ ఏడ్చాడు. వాళ్ల నాన్నను పైకి తీసిన రోజు కూడా తను ఏడవలేదని, కోపమే వచ్చిందని తర్వాత చెప్పాడు. నేనూ ఏడ్చాను. మా ఇద్దరినీ ఎవరూ చూడలేదు.

కొంతసేపటికి ముఖం కడుక్కుని వచ్చాడు. ఈ గది తీసే పని నీకెందుకు, నేను చేస్తాలే, లేదా పబ్లిషర్‌తో ఇంకోసారి మాట్లాడతాను అన్నాను. తల అడ్డంగా ఊపాడు.

"సాకు మేడమ్, ఇంక చాలు. ఇంకెవురూ దిగేది బేడ," అని తన బల్ల దగ్గరికి వెళ్లి, తన చేత్తోనే ఆ గదిని తీసేశాడు.